విదేశాంగ విధానం, మన వంటిల్లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు పాఠం చెబుతాను. ఏటా మొదటి వారంలోనే వినిపించే మాటలివి.

అపోహ: అది ఢిల్లీ వ్యవహారం, మనకేం సంబంధం?

వాస్తవం: 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులు చాలావాటిపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నామని వేసిందే. చమురు కొన్నది ఎక్కడో, దెబ్బ తగిలింది అమెరికాకి రొయ్యలు పంపే భీమవరం చెరువులకి.

అపోహ: విదేశాంగ విధానంలో మధ్యతరగతికి ఏది మేలో అది చేస్తే చాలు.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే చెప్పాను. కానీ మధ్యతరగతి అంతా ఒక పక్షం కాదు. వంటనూనెనే చూడండి. మనం వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌, సన్‌ఫ్లవర్‌, సోయా నూనెలపై మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. 2025 మే చివర్లో 16.5కి దించింది. ఆ వారం నా క్లాసులో జంగారెడ్డిగూడెం అమ్మాయి ఒకతి దిగాలుగా కూర్చుంది. వాళ్ల నాన్నగారికి పామాయిల్‌ తోట ఉంది. "గెలల రేటు పడిపోతుందేమోనని నాన్నకి ఒకటే టెన్షన్‌ సార్‌. సత్యనారాయణపురంలో ఉండే మా అక్క మాత్రం నూనె ప్యాకెట్‌ తగ్గుతుందని సంతోషపడుతోంది" అంది. ఒకే ఇల్లు, ఒకే సుంకం. ఇందులో దౌత్యం కూడా ఉంది. కశ్మీర్‌, పౌరసత్వ చట్టం విషయాల్లో అప్పటి మలేసియా ప్రధాని మహతీర్‌ మనల్ని విమర్శించాక, 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్‌ దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి. కారణం అదేనని ప్రభుత్వం అనలేదు గానీ, చాలామంది వ్యాపారులు అలాగే అర్థం చేసుకున్నారు.

అపోహ: విదేశాంగ విధానాన్ని మధ్యతరగతితో ముడిపెట్టడం అమెరికా నుంచి వచ్చిన కొత్త ఆలోచన.

వాస్తవం: 'మధ్యతరగతి కోసం విదేశాంగ విధానం' అన్న మాటను 2021లో బైడెన్‌ ప్రభుత్వం బాగా వాడింది. మనకు పేరు కొత్త, అనుభవం పాతది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్‌ 2009లో వీసాలివ్వడం మొదలుపెట్టేదాకా, మన పిల్లలు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని బెజవాడ నుంచి చెన్నై రైలెక్కేవాళ్లు.

అపోహ: అడిగినా లాభం లేదు.

వాస్తవం: విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి కాబట్టి ఎమ్మెల్యేని కాదు, ఎంపీని అడగాలి. అదీ ముందే అడగాలి. ఎందుకంటే మన దేశంలో ఒప్పందంపై సంతకానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అందుకే ఇప్పుడు మా క్లాసులో పార్లమెంటు ప్రశ్నలు రాయిస్తున్నాను. ఆ జంగారెడ్డిగూడెం అమ్మాయి రాసిన మొదటి ప్రశ్న: "సుంకం మార్చేముందు గెలల రైతుల్ని ఎవరైనా అడిగారా?"