శుక్లం ముదరాలనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది

మా మావయ్యది గుంటూరు బ్రాడీపేట. ఎడమ కంట్లో శుక్లం ఉందని తెలిసి రెండేళ్లైంది, "ఇంకా ముదర్లేదు కదరా, ముదిరాక చూద్దాంలే" అంటూ నెట్టుకొచ్చాడు. మొన్న ఒక డాక్టర్ చూసి, మీకు యాంగిల్ బాగా ఇరుగ్గా ఉంది, ముదిరేదాకా ఆగితే నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, ఇప్పుడే తీయించుకోండి అన్నారు. దీనికీ దానికీ ఏంటి సంబంధం అని ఈయన గొడవ. సంబంధం పాతదే, కాకపోతే మధ్యలో తిరగబడింది.

కంట్లో ఎప్పుడూ కాస్త నీరు ఊరతానే ఉంటది, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు తెర) అంచు కార్నియాకి (కంటి ముందుండే అద్దంలాంటి పొర) కలిసే మూలలో జల్లెడ లాంటిది ఉంటది, అందులోంచి బయటికి పోద్ది, ఆ మూలనే యాంగిల్ అంటారు. వయసు పెరిగేకొద్దీ కంట్లో లెన్సు లావెక్కి, దాదాపు 5 మిల్లీమీటర్లకి వచ్చి, ఐరిస్‌ని ముందుకి తోస్తది. ఇక కాలవ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టే, నీరు పోదు, ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతింటది, అదే నీటికాసులు. శుక్లం మరీ ముదిరి ఉబ్బితే ఒక్కసారిగా కన్నెర్రబడి, తలపగిలే నొప్పితో వచ్చే రకం కూడా ఉంది.

మరి ముదరాలని ఎందుకన్నారు? అప్పట్లో దానికో అర్థం ఉంది. 1747లో ఫ్రాన్స్‌లో డావియెల్ అనే డాక్టర్ కోత పెట్టి శుక్లాన్ని బయటికి తీసిన కాలం నుంచీ పచ్చిగా ఉంటే ముక్కలు లోపలే మిగిలి కన్ను వాచేది, పండితే శుభ్రంగా వచ్చేది. తీశాక లోపల ఏ లెన్సూ పెట్టేవాళ్లు కాదు, మా అమ్మమ్మ వాళ్ల తరం సోడాబుడ్డి కళ్లద్దాలన్నీ అందుకే. పైగా కొందరికి లోపలి జిగురు ముందుకొచ్చి కంటిపాపకి అడ్డంపడి ఆపరేషన్ వల్లే నీటికాసులొచ్చేవి, అందుకని ఐరిస్‌కి చిన్న చిల్లు కూడా పెట్టేవాళ్లు. 1949లో లండన్‌లో రిడ్లీ మొదటిసారి ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. తర్వాత ఐరిస్ ముందు పెట్టే రకాలొచ్చాయి, వాటిల్లో కొన్ని సరిగ్గా ఆ యాంగిల్‌నే రాపాడి రక్తం, వాపు, ప్రెషర్ తెచ్చాయి. ఆపరేషనంటే కన్ను పోద్దని పెద్దాళ్లు భయపడ్డారంటే ఊరికే కాదు.

1967లో అమెరికాలో కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని నలగ్గొట్టి చిన్న కోతలోంచి పీల్చే పద్ధతి తెచ్చాడు, తర్వాత తర్వాత లెన్సుని దాని పాత సంచీలోనే పెట్టడం అలవాటైంది, ఇక్కడే కథ మారింది. లావు లెన్సు పోయి 1 మిల్లీమీటరు పలకలాంటిది వచ్చేసరికి ఐరిస్ వెనక్కి జరిగి మూల తెరుచుకుంది. 2016లో ఈగిల్ అనే స్టడీ వచ్చింది, యాంగిల్ మూసుకుపోతున్న 419 మందిలో, శుక్లం లేకపోయినా సరే, కొందరికి లెన్సు తీసేశారు, కొందరికి ఐరిస్‌కి లేజర్‌తో చిల్లు పెట్టారు, మూడేళ్లకి లెన్సు తీసినవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

అలాగని యాంగిల్ ఇరుగ్గా ఉన్న ప్రతివాళ్లూ పరిగెత్తక్కర్లేదు. 2019లో గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన స్టడీలో యాంగిల్ ఇరుగ్గా ఉండి ఇంకా జబ్బు రాని 889 మందికి ఒక కంటికి ఆ లేజర్ చిల్లు పెట్టి రెండోది వదిలేస్తే, ఆరేళ్లలో వదిలేసిన కళ్లల్లో కూడా జబ్బు ముదిరింది తక్కువే. మూల ఎప్పట్నుంచో అతుక్కుపోయి ఉంటే ఆపరేషన్ చేసినా పూర్తిగా తెరుచుకోదు, పోయిన నరమైతే రాదు. ఆపరేషన్ తర్వాత వేసే స్టెరాయిడ్ చుక్కలకి కూడా కొందరికి ప్రెషర్ పెరుగుద్ది, అందుకే చెకప్‌కి రమ్మంటారు.

ఇదంతా చెప్తే మావయ్య విన్నాడు, సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటానంటున్నాడు. అత్తయ్య మాత్రం వచ్చే సోమవారానికే అపాయింట్‌మెంట్ తీసేసుకుంది.