ఊడలు దిగే కాలం

పిల్లలూ,

తాత రాస్తున్నాను. మొన్న భస్మ బుధవారం సాయంత్రం ఆరాధన అయిపోయి చర్చి మెట్లు దిగుతుంటే మన ఇంటి చిన్నది నా చెయ్యి పట్టుకొని ఒక ప్రశ్న అడిగింది. అప్పటికప్పుడు జవాబు తోచక ఇంటికెళ్లాక చెబుతాలే అన్నాను, ఇంటికొచ్చాక మర్చిపోయినట్టు ఊరుకున్నాను. మర్చిపోలేదు.

సంగతేమిటంటే, ఆ పొద్దున తను "నలభై రోజుల ఉపవాసం, మొదటి రోజు" అని కొవ్వొత్తి బొమ్మ, కింద ఒక వాక్యం స్టేటస్ పెట్టిందట. మధ్యాహ్నం స్కూల్లో స్నేహితురాలు "మరి నీ చేతిలో ఆ చిప్స్ ప్యాకెట్ ఏంటే?" అంది. పాపం, ఏడుపొచ్చి స్టేటస్ తీసేసింది. తీసేశాక బైబిలు తెరిచి చూసుకున్నట్టుంది, నన్ను ఇలా అడిగింది: "తాతా, మత్తయి 5వ అధ్యాయంలో మీ వెలుగు మనుషుల ముందు ప్రకాశించనివ్వండి అన్నాడు గదా ప్రభువు. 6కి వచ్చేసరికి, ఉపవాసం ఉన్నప్పుడు తల అంటుకొని ముఖం కడుక్కో, మనుషులకు తెలియనివ్వొద్దు అన్నాడు. రెండూ ఒకే కొండ మీద చెప్పాడు. ఏది వినాలి? పెట్టాలా, వద్దా?"

నలభై ఏళ్లుగా చర్చిలో పాఠాలు చదువుతున్నాను, ఈ రెండూ ఇంత పక్కపక్కన ఉన్నాయని నాకెప్పుడూ తట్టలేదు.

వేదాంతం అయ్యగారిని అడగండి. నాకు తెలిసింది శనక్కాయ చేను. హైదరాబాదులో మీరు పల్లీలంటారు, మా అనంతపురం వైపు బుడ్డలంటాం. డిసెంబరులో బోరు కింద వేసిన చేను ఇప్పుడు కళకళలాడుతోంది. శనక్కాయ పువ్వు చూశారా ఎప్పుడైనా? పసుప్పచ్చగా, చిన్నగా, తెల్లారేసరికి విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి వాడిపోతుంది. మిగతా చెట్లయితే పువ్వున్న చోటే కాయ కాస్తాయి గదా, ఇది అలా కాదు. పువ్వు వాడిన కొన్నాళ్లకు దాని మొదట్లోంచి సూది లాంటి ఊడ ఒకటి బయలుదేరి, వెలుతురు వైపు కాకుండా నేల వైపు వంగి, మట్టిని పొడుచుకొని లోపలికి పోతుంది. అక్కడ, రెండంగుళాల లోతున, చీకట్లో, కాయ ఊరుతుంది. మట్టి అందక గాలిలో వేలాడే ఊడలు కూడా ఉంటాయి. అవి ఎంత వెలుతురు తగిలినా కాయ కావు, ఎండిపోతాయి. దాని ముందు ఎన్నిసార్లు నిలబడ్డా నాకు ఆశ్చర్యం తీరదు. పువ్వుకు వెలుతురు కావాలి, కాయకు చీకటి కావాలి, రెండూ ఒకే చెట్టువి.

ఊడలు దిగాక మా నాయన చేనులోకి కలుపు తీసే గుంటక తోలనిచ్చేవాడు కాదు, ఎవరు అడిగినా "కదిలిస్తే పోతాయి" అనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. గట్టు పక్కన నాలుగు మొక్కలు నావి అని ఇచ్చాడు. నాకు ఓపిక ఎక్కడిది? రెండు రోజులకోసారి ఒకదాన్ని పీకి, బుడ్డ పడిందా లేదా చూసి, మళ్లీ గుంటలో పెట్టి, మట్టి కప్పి, పైగా చెంబెడు నీళ్లు పోసేవాణ్ణి. నాలుగూ చచ్చాయి. నాయన తిట్టలేదు, కోతప్పుడు అందరికీ బుడ్డలు ఉడకబెట్టి పంచి, నా చేతిలో ఎండిన మొక్క ఒకటి పెట్టాడు. అది తిట్టు కన్నా ఎక్కువే. ఇప్పుడు మీరు వాక్యం పెట్టి ఎంతమంది చూశారని పది నిమిషాలకోసారి ఫోను తీస్తుంటే నాకు ఆ నాలుగు మొక్కలే గుర్తొస్తాయి.

ఫోన్లు వచ్చాకే ఇదంతా మొదలైందనుకునేరు. మా చిన్నప్పటి చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుండేవి, తిరుగుతుంటే కనబడవని కాబోలు, ఒకాయన ట్యూబులైటు మీదే రాయించాడు. ఆ పేరు ఉన్నంత మేర కింద మసకే, పాటల పుస్తకం చదవలేకపోయేవాళ్లం.

నవ్వకండి, మీ తాత కూడా తక్కువ తినలేదు. రెండేళ్ల కింద క్రిస్మస్‌కు దుప్పట్లు పంచాం గదా. ఒక అవ్వకు ఇస్తుంటే ఫొటో సరిగా రాలేదన్నారు. నేను "అమ్మా, ఒక్కసారి మళ్లీ ఇటివ్వు" అన్నాను. ఆవిడ చలికి వణుకుతూ దుప్పటి నా చేతికిచ్చి, మళ్లీ తీసుకుంది. రెండోసారి ఫొటో బాగా వచ్చింది. "సూపర్ అన్నా", "గాడ్ బ్లెస్ యూ అన్నా" అని చాలామంది రాశారు. 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది, వాళ్లు మీ మంచి పనులు చూసి పరలోకపు తండ్రిని మహిమపరచాలని. ఆ కామెంట్లన్నీ రెండుసార్లు వెదికాను, పొగిడింది నన్నే, తండ్రి ఊసు ఎక్కడా లేదు. 6లో వేషధారులు అన్నాడే, గ్రీకులో ఆ మాట నాటకాల్లో వేషం కట్టేవాళ్లకు వాడేదట. అవ్వ కూడా నాతోపాటు నాటకం ఆడాల్సొచ్చింది, అదీ నాకు బాధ.

చిన్నదానా, నువ్వు చిప్స్ తిన్నందుకు దేవుడు కోప్పడడమ్మా, పదమూడేళ్ల పిల్లవి, ఆకలేస్తుంది. అననీయ సప్పీరాల కథ తెలుసుగా, అపొస్తలుల కార్యాలు 5లో, పొలం అమ్మిన డబ్బు గురించి అబద్ధమాడి పడి చచ్చిపోయిన భార్యాభర్తలు. మా సండే స్కూల్లో అది చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. వాళ్లు కొంత డబ్బు దాచుకున్నారని కాదు తప్పు, పొలం నీదే, డబ్బూ నీ ఇష్టమే గదా అని పేతురే అన్నాడు. కొంత తెచ్చి మొత్తం అన్నట్టు పెట్టారు చూడు, అదీ. నువ్వు స్టేటస్ తీసేశావు గదా, వాళ్ల కన్నా నయం. ఇంకోసారి పెట్టాలనిపిస్తే "ఉపవాసం మొదలుపెట్టా, మధ్యాహ్నానికే చిప్స్ తిన్నా" అని పెట్టు, చూద్దాం. అసలు పెట్టాలా వద్దా అన్నది ప్రతిసారీ నాకూ తేలడం లేదు. దుప్పట్లు ఇప్పుడు రాత్రిపూట ఇచ్చొస్తున్నాం, అంతవరకు తెలుసు.

రెండో శనివారం సెలవుకు అందరూ రండి. పొద్దున్నే, ఎండ రాకముందే చేనుకి పోదాం, పువ్వు విచ్చుకొనే ఉంటుంది. మొక్క పక్కన మట్టి వేలితో మెల్లగా జరిపితే ఊడ కనబడుతుంది, చివర ఉబ్బి ఉంటే అది కాయే. చూసి మళ్లీ మట్టి కప్పెయ్యాలి. పీకి చూపించడానికి ఒక్క మొక్క, అదీ నేనే పీకుతాను. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి, ఆ ముందు రాత్రి నీళ్లు కడతాం, బురదలో పడితే మీ అమ్మ నన్నంటుంది.

మీ తాత