హాస్టల్‌కి పంపేలోపు బాప్తిస్మం ఇప్పించేస్తే చాలా?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారం నుంచి మా ఒంగోలు వైపు సంఘాల్లో ఒక హడావుడి మొదలవుతుంది. "సిస్టర్, పాపని నెల్లూరులో ఇంటర్‌లో వేస్తున్నాం. హాస్టలే. కాలేజీ తెరిచేలోపు బాప్తిస్మం అయిపోతే మాకు నిశ్చింత. పాస్టర్ అయ్యగారితో మీరొక మాట చెప్పండి." సండే స్కూల్, యూత్ పని చూసే నా దగ్గరికి ఎవరో ఒకరు ఈ మాటతో రాని వేసవి లేదు. పిల్లల విశ్వాసం గురించి మన మధ్య తిరిగే అపోహల్లో ఇంత నష్టం చేసేది ఇంకొకటి లేదు కాబట్టి దీన్నే ముందు తీసుకుంటున్నాను.

అపోహ: బాప్తిస్మం అయిపోతే పిల్లలు దారి తప్పరు.

వాస్తవం: బాప్తిస్మం అంటే నమ్మిన మనిషి ఆ సంగతిని పదిమంది ముందు ఒప్పుకోవడం. మార్కు 16:16లో నమ్మడం ముందు వస్తుంది, బాప్తిస్మం తర్వాత. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఆ ఐతియొపీయుడు నీళ్ళు కనబడగానే తనంతట తనే అడిగాడు, ఫిలిప్పు తొందరపెట్టలేదు. మన ముత్తాతలు తాయెత్తులు తెంపేసి యేసయ్య దగ్గరికి వచ్చారు. మనమేమో బాప్తిస్మాన్నే తాయెత్తు చేసి పిల్లల మెడలో కట్టి బస్సెక్కిస్తున్నాం.

ఆ తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. ఇంటి గడప దాటని పిల్ల ఒక్కసారిగా వందలమంది మధ్యకి వెళ్తుంది. చాలా చోట్ల ఆదివారం కూడా టెస్టులే, చర్చికి పంపరు. రాత్రి ఎవరితో మాట్లాడుతుందో, ఏం నేర్చుకుంటుందో అని తల్లికి నిద్ర పట్టదు. ఆ బెంగలో తప్పు లేదు. దాన్ని తీర్చుకోవడానికి పిల్లని నీళ్ళలోకి దింపడమే తప్పు.

మన జిల్లాలో ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలియాలి? 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ప్రతి సువార్త కూటంలో చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. అది 1876 నుంచి 1878 దాకా సాగిన పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులు గుంపులుగా వచ్చి అడిగినా ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో తేలాలని ఆగారు. సాయం పనులు ఆగిపోయాక కూడా వచ్చి అడిగినవాళ్ళకే ఇచ్చారు. ఆకలితో ఉన్న జనాన్నే ఆపిన చోట, అమ్మ ఏడుస్తుందని తలూపే పదిహేనేళ్ళ పిల్లని మనం ఒక్క వారం కూడా ఆపలేకపోతున్నాం.

మా యూత్‌లో ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఊరూ పేరూ వద్దు. వేసవిలో బాప్తిస్మం, ఆ వెంటనే హాస్టల్. దసరా సెలవులకి వచ్చినప్పుడు చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళకి లేచి బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళి పలకరిస్తే, "అక్కా, నేను దిగింది అమ్మ కోసం. ఇప్పుడు రొట్టె ముట్టుకోవాలంటే భయంగా ఉంది. ముట్టుకోకపోతే అందరూ నేను పడిపోయాననుకుంటారు" అంది. ఆ పిల్ల లోకంలోకి పోలేదు. ఆమె మనస్సాక్షి మన అందరికంటే మెలకువగా ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పుకునే వీలు లేదు, అదీ ఆమె బాధ. నేను తల్లితో మాట్లాడాను. ఆవిడ చాలా ఏడ్చింది, కానీ ఒక మంచి పని చేసింది. కూతుర్ని బలవంతపెట్టడం మానేసింది. ఫోన్ చేసినప్పుడల్లా "ప్రార్థన చేశావా" అని అడగడం ఆపి, తన పొలం పనులు, అప్పుల టెన్షన్, తను ఏ విషయంలో దేవుణ్ణి అడుగుతోందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా బల్ల తీసుకోలేదు. ఎవరూ ఏమీ అనలేదు. డిగ్రీలో చేరాక తనే అయ్యగారి దగ్గరికి వెళ్ళి మాట్లాడి తీసుకుంది.

కాబట్టి పాపకి ఎప్పుడు బాప్తిస్మం ఇప్పించాలని నన్ను అడగకండి. పాప అడిగిందా? ఎందుకు కావాలంటోంది? వద్దంటే ఇంట్లో ఎవరైనా ముఖం ముడుచుకుంటారా? ఈ మూడూ చూసుకోండి. సంఘ పెద్దలైతే పిల్లతో విడిగా, తల్లిదండ్రులు లేకుండా మాట్లాడాలి. వరుసలో నిలబెట్టి, "నమ్ముతున్నావా?" అంటే ఎవరైనా ఔననే అంటారు.

అపోహ: ప్రశ్నలు వేస్తున్నాడంటే వెనకబడిపోతున్నట్టే.

వాస్తవం: పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని, వాళ్ళ మాటలు వింటూ ప్రశ్నలు అడుగుతున్నాడని లూకా 2:46లో ఉంది. మన పిల్లవాడు అడిగితే మాత్రం సాతాను శోధన అంటాం.

మన ఇళ్ళల్లో వచ్చే కష్టమైన ప్రశ్న డైనోసార్ల గురించి కాదు. కాలేజీ అప్లికేషన్ నింపేటప్పుడు వస్తుంది: "నాన్నా, మనం చర్చికి వెళ్తాం కదా, సర్టిఫికెట్‌లో హిందూ అని ఎందుకుంది?" దీనికి చాలామంది ఇచ్చే జవాబు "ఊరుకో, నీకెందుకు." అలా అనకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చిందని, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారని, క్రైస్తవులకు ఇవ్వలేదని, మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలని వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అనే గ్రూపులో పెట్టారని చెప్పండి. మీ ఇంట్లో ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకో, అది మీ మనసుని ఎంత నలిపిందో కూడా చెప్పండి. వాడు మీతో ఏకీభవించకపోవచ్చు. కానీ దేవుడి విషయం దగ్గర ఇంట్లో మాట దాచరని వాడికి తెలుస్తుంది. అది దాచిన ఇళ్ళల్లో పిల్లలు మిగతా ప్రశ్నలు కూడా బయటే అడుక్కుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గంటసేపు కుటుంబ ప్రార్థన చేస్తేనే పిల్లలు నిలబడతారంటారు. ద్వితీయోపదేశకాండము 6:7 కూర్చున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచినప్పుడు మాట్లాడమంది. గంట మోకాళ్ళ మీద ఉంచి, లేవగానే పక్కింటివాళ్ళని తిట్టే ఇంట్లో పిల్లలు ఆ తిట్లనే గుర్తుపెట్టుకుంటారు. పది నిమిషాలు చాలు, ఒక కీర్తన, ఒక చిన్న వాక్యభాగం. ఆ రోజు ఎవరిమీదైనా అరిచి ఉంటే అది వాళ్ళ ముందే ఒప్పుకోండి.

కీబోర్డు, ప్యాడ్స్, లైట్లు పెడితే యూత్ వస్తారంటారు. వస్తారు. ఉండరు. సౌండ్ సిస్టం మోసే పనో, చిన్న పిల్లలకి వి.బి.ఎస్.లో (సెలవుల్లో పెట్టే బైబిల్ బడిలో) కథ చెప్పే పనో అప్పగించిన పిల్లలు ఉండిపోవడం మా దగ్గర చూస్తున్నాను.

ఫోన్ లాగేసుకుంటే అంతా సర్దుకుంటుందనే మాట గురించి ఎక్కువ రాయను. హాస్టల్‌లో ఫోన్ ఉండదు, అయినా సమస్య ఉంటోంది.

పాస్టర్ గారి పిల్లలైతే ఢోకా లేదనుకోవడం ఆ పిల్లలకి చేసే అన్యాయం. వాళ్ళనీ పేరు పెట్టి, మామూలు పిల్లల్లా పలకరించండి.

ఇప్పుడు అడ్మిషన్ల టైం కాబట్టి సంఘ పెద్దలకి ఒక విన్నపం. హాస్టల్‌కి వెళ్ళే ప్రతి పిల్ల పేరు, కాలేజీ ఉన్న ఏరియా ఒక కాగితం మీద రాసుకోండి. ఆ దగ్గర్లో ఉన్న సంఘం పాస్టర్ గారికి ముందే ఫోన్ చేసి పరిచయం చేయండి. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఎవరింట్లో భోజనానికి వెళ్ళాలో పిల్లకి తెలిసి ఉండాలి. తల్లిదండ్రులు కాకుండా సంఘంలో ఒక అక్కో, ఒక పెద్దాయనో నెలకొకసారి వెళ్ళి చూసి రావాలి. పేరెంట్స్ విజిటింగ్ రోజున పచ్చళ్ళ సీసాలతో పాటు ఆ మనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. గేటు దగ్గర పేరు రాయించడానికి ఆధార్ కార్డు అడుగుతారు, మర్చిపోకండి.