మళ్లీ ఒకటో నంబరు: టీన్ టైటన్స్ వెనక కథ

2011 మొదట్లో అమెరికా కంపెనీ డీసీ కామిక్స్ కథల్లోకి కిరణ్ సింగ్ అనే భారతీయ అమ్మాయి వచ్చింది. సూపర్‌హీరోగా ఆమె పేరు సోల్‌స్టిస్. రచయిత జె.టి. క్రూల్, ఆర్టిస్టు నికోలా స్కాట్ కలిసి తయారుచేసిన పాత్ర. ఆమె శక్తి వెలుగు. పేరు అర్థం తెలిసే పెట్టారన్నమాట! నవ్వు మొహం, పసుపుపచ్చ కాంతి, ఎవరినైనా ఇట్టే దగ్గరకు తీసుకునే స్వభావం. టీనేజ్ సూపర్‌హీరోల జట్టు టీన్ టైటన్స్‌లో చేరి ఇంకా సర్దుకుంటూనే ఉంది, ఇంతలో ఆ సిరీస్ నూరో సంచికతో ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 28న కొత్త 'టీన్ టైటన్స్' ఒకటో నంబరు వచ్చింది. అందులో కిరణ్ మళ్లీ కనిపించింది. ఈసారి ఒళ్లంతా నల్లటి పొగ. ఒక రహస్య సంస్థ ప్రయోగాలు చేసి అలా మార్చేసిందని కథ. పాత పరిచయం లేదు, పాత నవ్వు లేదు.

కిరణ్ అని పేరున్న పిల్లని పొగ చేసిన వాళ్లకి ఆ పేరు అర్థం ఎవరూ చెప్పలేదేమో. పాతది ఆపి మళ్లీ ఒకటో నంబరుతో మొదలుపెట్టిన ఆ రీలాంచ్ మీద నాకున్న కోపం అక్కడ మొదలైంది. అయితే ఆ కోపం ఒక్క పాత్ర గురించే కాదు. టైటన్స్‌ని అంతకుముందు కూడా చాలాసార్లు మొదటినుంచి మొదలుపెట్టారు. కొన్నిసార్లు అద్భుతంగా కుదిరింది. 2011లో ఎందుకు కుదరలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1964లో 'ది బ్రేవ్ అండ్ ది బోల్డ్' 54వ సంచికలో బ్యాట్‌మన్ శిష్యుడు రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాల్యాడ్ మొదటిసారి కలిశారు. ముగ్గురూ పెద్ద హీరోల వెనక తిరిగే కుర్రాళ్లే. హాటన్ కార్నర్స్ అనే ఊళ్లో పిల్లలకీ పెద్దలకీ క్లబ్ హౌస్ గురించి గొడవ. అది తీర్చడానికి వెళ్తే మిస్టర్ ట్విస్టర్ అనే విలన్ తగిలాడు. రచయిత బాబ్ హేనీ, బొమ్మలు బ్రూనో ప్రెమియాని. జట్టుకి అప్పటికింకా పేరు కూడా లేదు. 'టీన్ టైటన్స్' అన్న పేరు మరుసటి ఏడాది 60వ సంచికలో వచ్చింది, సొంత పత్రిక 1966లో. హేనీ రాసిన కుర్రకారు భాష ఇప్పుడు చదివితే, పెళ్లింట్లో కుర్రాళ్ల మధ్య కూర్చుని వాళ్ల మాటలే వాడబోయే బాబాయ్ గుర్తొస్తాడు. ఆ పత్రికకి నిక్ కార్డీ వేసిన బొమ్మలు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

ఆ 60వ సంచికలోనే పెద్ద పొరపాటు ఒకటి జరిగింది. జట్టులోకి వండర్ గర్ల్‌ని తెచ్చారు. కానీ అప్పటిదాకా 'వండర్ వుమన్' కామిక్‌లో వండర్ గర్ల్ అంటే వేరే మనిషి కాదు, చిన్నప్పటి వండర్ వుమనే. రాబర్ట్ కానిగర్ రాసిన కథల్లో అదే మనిషి పసిపిల్లగా, టీనేజరుగా, పెద్దామెగా ఒకే పేజీలో కలిసి కనిపించేది. అది చూసి టైటన్స్ తయారుచేసేవాళ్లు ఈమె వేరే అమ్మాయి అనుకున్నారు. అంటే ఒక మనిషి, తన చిన్నతనం ఒకే కాలంలో రెండు చోట్ల తిరుగుతున్నారు! నాలుగేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. 1969లో 'టీన్ టైటన్స్' 22వ సంచికలో మార్వ్ వుల్ఫ్‌మన్ అనే కుర్ర రచయిత దీన్ని సరిచేశాడు. మంటల్లో చిక్కుకున్న భవనం నుంచి వండర్ వుమన్ కాపాడిన అనాథ పిల్ల, పేరు డోనా ట్రాయ్. తప్పుని చెరిపెయ్యకుండా దానికో పుట్టుక రాశాడు. ఈ పద్ధతిని కాస్త గుర్తుపెట్టుకోండి.

పత్రిక 1973లో ఆగి, 1976లో మళ్లీ మొదలై, 1978లో మళ్లీ మూతపడింది. టైటన్స్ పని అయిపోయిందనుకున్నారు.

1980లో అదే వుల్ఫ్‌మన్, ఆర్టిస్టు జార్జ్ పెరెజ్‌తో కలిసి 'ది న్యూ టీన్ టైటన్స్' తెచ్చాడు. నా లెక్కలో సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంత బాగా చేసిన రీలాంచ్ లేదు. రాబిన్, వండర్ గర్ల్, కిడ్ ఫ్లాష్ అలాగే ఉన్నారు, వాళ్ల జ్ఞాపకాలతో సహా. బీస్ట్ బాయ్ చేంజ్‌లింగ్ అన్న కొత్త పేరుతో చేరాడు. సైబోర్గ్, స్టార్‌ఫైర్, రేవెన్ పూర్తిగా కొత్తవాళ్లు. పాతవాళ్లు ఒకరి మాట ఇంకొకరు సగంలోనే అందుకుంటారు. కొత్తవాళ్లు పక్కన నిలబడి చూస్తారు. కథంతా ఆ దూరం తగ్గడంలోనే ఉంది. పోటీ కంపెనీ మార్వెల్ వాళ్ల 'ఎక్స్-మెన్'కి డీసీ దగ్గరున్న గట్టి జవాబు ఈ పుస్తకమే అయింది.

పిల్లలు పెరిగారు కూడా. 1984లో డిక్ గ్రేసన్ రాబిన్ డ్రెస్సు వదిలేసి నైట్‌వింగ్ అయ్యాడు. అదే ఏడాది వచ్చిన 'జూడాస్ కాంట్రాక్ట్'లో, జట్టులో కలిసి తిన్న, తిరిగిన టెర్రా అనే టీనేజ్ పిల్ల శత్రువు పంపిన గూఢచారి అని తేలింది. చివరికి ఆమె చనిపోయింది, పశ్చాత్తాపం లేకుండానే. ఆ కథ ఇప్పటికీ గుచ్చుకుంటుందంటే, అంతకు ముందు ఏడాదికి పైగా ఆ పిల్లతో మనమూ తిరిగాం కాబట్టే.

ఇక్కడో పిట్టకథ. 1983లో మత్తుమందులకు వ్యతిరేకంగా టైటన్స్‌తో ప్రత్యేక కామిక్ వేశారు. డబ్బు పెట్టింది కీబ్లర్ అనే బిస్కెట్ల కంపెనీ. రాబిన్ బొమ్మ వాడుకునే హక్కేమో పోటీ కంపెనీ నబిస్కో దగ్గరుంది. దాంతో రాబిన్‌ని తీసేసి, ఆ చోట ప్రొటెక్టర్ అనే ఎవరికీ తెలియని కుర్రాణ్ణి నిలబెట్టారు. జట్టులో ఎవరుండాలో బిస్కెట్లు తేల్చాయి!

1996లో డాన్ జర్గెన్స్ పూర్తిగా కొత్త కుర్రాళ్లతో ఇంకో జట్టు కట్టాడు, 24 సంచికలు నడిచింది. 2003లో జెఫ్ జాన్స్, మైక్ మెకోన్ మొదలుపెట్టిన సిరీస్ మాత్రం నూరు దాకా వెళ్లింది. అందులో టిమ్ డ్రేక్ (తర్వాతి రాబిన్), కానర్ కెంట్ (సూపర్‌బాయ్), క్యాసీ (కొత్త వండర్ గర్ల్), బార్ట్ (కొత్త కిడ్ ఫ్లాష్) అప్పటికే 'యంగ్ జస్టిస్' అనే ఇంకో కామిక్‌లో ఏళ్ల తరబడి కలిసి ఉన్న స్నేహితులు. అదే 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో యానిమేషన్ సిరీస్ కూడా వచ్చింది. మన దగ్గర టైటన్స్ అనగానే గుర్తొచ్చేది అదే. స్టార్‌ఫైర్ అంటే భూమ్మీద ప్రతిదానికీ ఆశ్చర్యపోయే అమాయకపు పిల్ల.

ఇక 2011. అమ్మకాలు తగ్గుతున్న రోజులు. డీసీ 52 సిరీస్‌లని ఒకటో నంబరుతో తెచ్చి, షాపులో వచ్చిన రోజే డిజిటల్‌గానూ అమ్మడం మొదలుపెట్టింది. 'ది న్యూ 52' అని పేరు. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే. ఒకటో నంబరు చూస్తే కొత్త పాఠకుడు ధైర్యంగా కొంటాడు, షాపువాళ్లు ఎక్కువ కాపీలు ఆర్డరిస్తారు. ఆ అక్టోబరులో డీసీ అమ్మకాల్లో మార్వెల్‌ని దాటింది కూడా.

చిక్కంతా కాలం లెక్కలో వచ్చింది. కథల ప్రపంచాన్నే మొదటినుంచి మొదలుపెట్టారు కదా, ఆ కొత్త ప్రపంచంలో సూపర్‌హీరోలు పుట్టి దాదాపు అయిదేళ్లే. ఆ అయిదేళ్లలో బ్యాట్‌మన్ దగ్గర డిక్ మొదలుకుని వరసగా అంతమంది రాబిన్‌లు ఎలా పట్టాలి? పట్టలేదు. అందుకే 2012లో వచ్చిన సున్నా నంబరు సంచికలో టిమ్ డ్రేక్ అసలు ఎప్పుడూ రాబినే కాదన్నారు, నేరుగా రెడ్ రాబిన్ అయ్యాడట. ఇదే మొట్టమొదటి టీన్ టైటన్స్ జట్టు అన్నారు. డోనా ట్రాయ్, మొదటి కిడ్ ఫ్లాష్ వాలీ వెస్ట్ ఎక్కడా లేరు. స్కాట్ లోబ్‌డెల్ రచనలో, బ్రెట్ బూత్ బొమ్మల్లో టిమ్, క్యాసీ, బార్ట్ ఒకరికొకరు కొత్త. మేం వాళ్లని పుష్కరానికి పైగా ఎరుగుదుం, వాళ్లకే ఒకరినొకరు తెలియదు.

2011 సెప్టెంబరులోనే, అదే రచయిత రాసిన 'రెడ్ హుడ్ అండ్ ది అవుట్‌లాస్'లో స్టార్‌ఫైర్‌ని పాత స్నేహితుల పేర్లు చెప్పి గుర్తున్నారా అని అడిగితే, ఆమెకి ఎవరూ గుర్తులేరు. ఒంటిమీద బట్టలు కూడా అంతంతమాత్రమే. కార్టూన్ చూసి ఆమెని ఇష్టపడ్డ పిల్లలు ఈ పుస్తకం తెరిస్తే ఏమనుకోవాలని అప్పట్లో పెద్ద గొడవే అయింది. న్యాయమైన గొడవ.

మంచి లేదని కాదు. బంకర్ అనే మెక్సికన్ గే కుర్రాడు మిగెల్ చలాకీగా, సరదాగా ఉంటాడు, అతను ఉన్న పేజీల్లో గాలి ఆడుతుంది. బూత్ యాక్షన్ సీన్లు బాగా వేస్తాడు. టిమ్‌కి పెట్టిన ఆ రెక్కలు మాత్రం నాకు ఎప్పటికీ నచ్చవు.

ఈ సిరీస్ 2014లో 30 దగ్గర ఆగింది. వెంటనే ఇంకో ఒకటో నంబరు. దాని అట్ట మీద టీనేజ్ వండర్ గర్ల్‌ని గీసిన తీరు బాగాలేదని ఒక మాజీ కామిక్స్ ఎడిటర్ విమర్శ రాస్తే, ఆమెకి బెదిరింపులు వచ్చాయి. అభిమానం పేరుతో మావాళ్లు చేసిన పనుల్లో సిగ్గుపడాల్సింది అది. ఆ సిరీస్ 24తో అయిపోయింది.

2016లో డీసీ వెనక్కి తగ్గింది. 'టైటన్స్: రీబర్త్'లో, అందరూ మరిచిపోయిన వాలీ వెస్ట్ తిరిగొస్తాడు. పాత స్నేహితులు అతన్ని శత్రువనుకుని మీద పడతారు. వాలీ తగలగానే చిన్న మెరుపు, ఒక్కొక్కరికీ అంతా గుర్తొస్తుంది: డిక్‌కి, డోనాకి, రాయ్‌కి, గార్త్‌కి, లిలిత్‌కి. ఆ పేజీలకి బొమ్మలు వేసింది మళ్లీ బ్రెట్ బూతే. నేను ఆ సంచిక రెండుసార్లు వరసగా చదివాను.

ఆ గదిలో కిరణ్ లేదు.