భోగిపళ్లలో దొరికిన వంకర రూపాయి

చిరంజీవులు చిన్నుకి, పండుకి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా కులాసా. మీరు రైలు దిగి ఇల్లు చేరారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ మర్నాడే, చిన్నూ, నువ్వు పంపిన ఫొటో వచ్చింది. బుడ్డోడి నెత్తిన పోసిన భోగిపళ్లలోంచి నువ్వు ఏరుకున్న రూపాయి బిళ్ల. బొమ్మంతా ఒక పక్కకి జరిగిపోయింది, రెండో పక్క నెలవంకలా నున్నటి ఖాళీ. కింద నీ ప్రశ్న: “తాతయ్యా, ఇది కొట్టినాయనకి కళ్లజోడు లేదా? ఇలాంటిదానికి ఐదు లక్షలిస్తారని యూట్యూబ్‌లో చెప్తున్నారు, నిజమేనా?”

ఐదు లక్షల సంగతి తర్వాత. ముందు కళ్లజోడు సంగతి చూద్దాం.

దాన్ని కొట్టింది మనిషి చెయ్యి కాదు, మిషను. నిమిషానికి వందల బిళ్లలు కొడుతుంది. అది ఎలా కొడుతుందో నేను పాఠంలా చెప్తే పండు ఆవలిస్తాడు. అందుకని వంటింట్లోకి పదండి.

భోగి ముందురోజు అమ్మమ్మ కజ్జికాయలు చేసింది కదా. ఒక్కో పూరీ విడిగా ఒత్తే ఓపిక లేక, పెద్ద చపాతీ ఒత్తి, దాని మీద స్టీలు డబ్బా మూత బోర్లించి నొక్కి గుండ్రాలు కోసింది. టంకశాలలోనూ ఇంతే. లోహాన్ని పొడవాటి రేకులా సాగదీసి, అందులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. చిల్లులు పడ్డ రేకు మిగులుతుంది. అమ్మమ్మ మిగిలిన పిండిని మళ్లీ ముద్ద చేసినట్టు దాన్ని కరిగించి మళ్లీ వాడతారు. మన ఇంట్లో ఆ పిండి సగం పండు తినేశాడు. అక్కడ ఆ బెడద లేదు.

పండూ, నేనూ కోస్తానని నువ్వు మూత లాక్కున్నావు, గుర్తుందా? అప్పటికే కోసిన చిల్లు మీదికి కొంచెం వెళ్లింది నీ మూత. వచ్చిన పూరీకి ఒక పక్క ఎవరో కొరికినట్టు వంపు. రేకు సరిగ్గా ముందుకి జరక్కపోతే నాణెం బిళ్లకీ అదే గతి. పాత నాణేలు దాచేవాళ్లు దాన్ని క్లిప్ అంటారు. ఆకురాయితో అంచు అరగదీసి అదే క్లిప్ అని నమ్మించేవాళ్లూ ఉన్నారు. వాళ్లని పట్టుకోవాలంటే కొరికిన చోటు కాదు, దానికి సరిగ్గా ఎదుటి అంచు చూడాలి. అచ్చు వేసేముందు బిళ్లని చుట్టూ నొక్కి అంచున గట్టు లేపే మిషను ఒకటుంది. ఒక పక్క లోహమే లేకపోతే ఎదుటి పక్క నొక్కుడు సరిగా అందదు. అందుకని అసలైన క్లిప్‌కి ఎదుటి గట్టు చాలాసార్లు మాసినట్టు, నీరసంగా ఉంటుంది. ఆకురాయి వాడి నాణేనికి ఎదుటి గట్టు నిక్షేపంలా ఉంటుంది. దొంగ ఇక్కడ దొరికిపోతాడు.

సరే, పూరీ కోశాం. ఇప్పుడు కజ్జికాయల చెక్క. దాని రెండు రెక్కలే అచ్చులనుకోండి. కింది అచ్చు మీద బిళ్ల కూర్చుంటుంది, పై అచ్చు వచ్చి పదుల టన్నుల బరువుతో నొక్కుతుంది. రెండు వైపులా బొమ్మలు ఒక్క దెబ్బకే పడతాయి. చిన్నూ, నీ రూపాయి బిళ్ల తన చోట కుదురుగా కూర్చోలేదు, ఓ పక్కకి జరిగి ఉంది. ఆ లోపలే చెక్క మూసుకుంది. అంతే జరిగి ఉంటుంది.

ఒక్కోసారి కజ్జికాయ చెక్కకే అంటుకుపోతుంది. అమ్మమ్మ చూసుకోకుండా దాని మీదే ఇంకో పూరీ పెట్టి మూసిందనుకోండి, ఆ పూరీకి ఒక వైపు చెక్క ముద్ర బదులు పాత కజ్జికాయ ముద్ర పడుతుంది. నాణేల్లో దీన్ని బ్రాకేజ్ అంటారు. ఒక వైపు మామూలుగా సింహాలు. తిప్పితే అవతలా సింహాలే, కానీ లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కజ్జికాయ మీద సింహాలుండవు, అది మీరే ఊహించుకోండి.

చెక్క పాతదై పగులిస్తే, పగుల్లోకి పిండి దూరి కజ్జికాయ మీద సన్నటి గీత లేస్తుంది. అచ్చు పగిలినా అంతే. అందుకని నాణెం మీద ఏదైనా గీత కనిపిస్తే గోరుతో తడిమి చూడండి. పైకి లేచి ఉంటే అచ్చు పగులు కావచ్చు. గుంటగా ఉంటే జేబులో తాళంచెవి గీసిందన్నమాట. అచ్చులో అక్షరం ఉన్న చోట జిడ్డు పేరుకుంటే ఆ అక్షరం సగమే పడుతుంది, లేదా అసలు పడదు.

ఇక కాలర్ అనే ఉక్కు కడియం ఒకటుంది. నొక్కుడికి లోహం పక్కలకి పారిపోకుండా బిళ్ల చుట్టూ కాపు కాస్తుంది. దీనికి కజ్జికాయల్లో పోలిక వెతికి వెతికి అలిసిపోయాను. పైగా కజ్జికాయ అచ్చు పడ్డాక నూనెలోకి వెళ్తుంది, నాణెం బిళ్లనేమో అచ్చుకి ముందే కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. ఇక్కడితో కజ్జికాయల్ని డబ్బాలో పెట్టేద్దాం.

నా చిన్నతనం చెప్పకుండా ఉత్తరం ముగిస్తానని మీరు ఎలాగూ అనుకోరు. 1968లో నేను మీ అంతవాణ్ణి. అప్పటి చిల్లర చూడాలి మీరు! ఒక పైసా నలుచదరం, రెండు పైసల అంచు చుట్టూ అలలు, మూడు పైసలకి ఆరు మూలలు. అన్నీ అల్యూమినియమే, ఊదితే ఎగిరేలా ఉండేవి. ఆ ఏడే తామరపువ్వుతో పచ్చగా ఇరవై పైసల బిళ్ల వచ్చింది. మా అమ్మ చేతికి వచ్చినవన్నీ వరలక్ష్మీ వ్రతానికని డబ్బాలో దాచేది. మేం అడిగితే ఒకటీ ఇచ్చేది కాదు.

మా ఇల్లు రైలు కట్ట పక్కనే. ఓ రోజు పైసా బిళ్ల పట్టా మీద పెట్టి, గూడ్సు వెళ్లాక తీస్తే రేకులా అయింది. (మీరు పట్టాల దగ్గరికి వెళ్లారని తెలిస్తే ఊరుకోను. అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేరు. పైగా నాణేన్ని పాడుచెయ్యడం చట్టం ప్రకారం నేరం.) ఆ రేకుని బడికి తీసుకెళ్లి, “ఇది టంకశాలలో తప్పు కొట్టింది, ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు” అని ఒక స్నేహితుడికి నాలుగు గోళీలకి అమ్మేశాను. వాళ్ల నాన్న కంసాలి. సాయంత్రం నన్ను పిలిపించారు. తిట్టలేదు. బిళ్లని వేలి మీద పెట్టుకుని, దీపం వెలుగు పక్కనుంచి పడేలా వంచి చూపించారు.

“ఒరే అబ్బాయ్, ఇది టంకశాలలో పుట్టిన తప్పు కాదు. మన స్టేషను దాటాక పుట్టింది. చూడు, సింహాలు ఉన్నాయి, కానీ సాగిపోయి చెదిరిపోయాయి. అంటే ముందు బాగానే పుట్టి, తర్వాత దెబ్బ తింది. పుట్టుకలో తప్పయితే, ఉన్నంతవరకు గీత పదునుగా ఉంటుంది. లేని చోట శుభ్రంగా లేకుండా ఉంటుంది.”

నాలుగు గోళీలూ తిరిగిచ్చేశాను. అందులో చుక్కల గోళీ నాకు చాలా ఇష్టం. పోనీలే, కూడబెట్టింది అబద్ధంతో కదా. కానీ ఆయన చెప్పింది మాత్రం ఉండిపోయింది. తర్వాత బ్యాంకులో క్యాషియర్‌గా సంచులకి సంచులు చిల్లర లెక్కపెట్టినన్నాళ్లూ, తేడాగా ఉన్న ప్రతి బిళ్లనీ ఆ ఒక్క మాటే అడిగాను: నువ్వు ఇలా పుట్టావా, తర్వాత అయ్యావా? నూటికి తొంభై తొమ్మిది తర్వాత అయినవే. సుత్తి దెబ్బలు, నిప్పులో పడ్డవి, యాసిడ్‌లో వేసినవి.

పండు దాచిన పది రూపాయల బిళ్ల సంగతీ అంతే. దాని మీద ₹ గుర్తు లేదు కాబట్టి తప్పు నాణెం అన్నాడట. ఆ గుర్తు వచ్చిందే 2010లో, నాణేల మీదకి ఎక్కింది 2011లో. అంతకు ముందు కొట్టినవాటి మీద ఎలా ఉంటుంది? 2018లో రిజర్వ్ బ్యాంకే చెప్పింది, అప్పటికి పది రూపాయల బిళ్లలు 14 రకాల డిజైన్లలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ. డిజైన్ మారడం వేరు, తప్పు పడటం వేరు.

ఐదు లక్షలా? నాయనా, వింత నాణేలకి సరదాపడి కొంత ఎక్కువిచ్చేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ “మీ నాణేనికి లక్షలొస్తాయి, ముందు ఫీజు కట్టండి” అన్నవాడు నాణేల మనిషి కాదు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని 2021లో ఆ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది. అమ్మ ఫోన్ నుంచి ఎవరికీ మెసేజ్ పెట్టకు.

ఇప్పుడు నీకు పని. రేపు పొద్దున ఎండ వాలుగా పడే కిటికీ దగ్గర కూర్చో. నాన్న భూతద్దం అడుగు. నాణేన్ని అంచులతో పట్టుకో. ఒక వైపు ఖాళీ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పు. మామూలు నాణెమైతే అవతలి బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. పక్కకి వాలితే అచ్చు తిరిగిందని అర్థం, అది ఇంకో తప్పు. ఆ తర్వాత అసలు సంగతి. బిళ్లే జరిగి ఉంటే రెండు వైపులా ఖాళీ అంచులో ఒకే చోట ఉండాలి. ఒక వైపే ఉంటే జరిగింది బిళ్ల కాదు, అచ్చు. ఫొటోలో నువ్వు ఒక వైపే చూపించావు, గడుసువాడివి.

తర్వాత సంవత్సరం అంకెల కింద చూడు. చిన్న నక్షత్రం ఉంటే అది మీ హైదరాబాద్‌లో పుట్టిందే. డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మీ టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో ఉండేది, 1997లో చర్లపల్లికి వెళ్లింది. నక్షత్రం గనక ఉంటే, అది మీ టంకశాల నుంచి ఎన్ని చేతులు మారి మా ఊరొచ్చి బుడ్డోడి నెత్తిన పడి, మళ్లీ నీ జేబులో హైదరాబాద్ చేరిందో చూడు!

ఏం కనిపించిందో కాగితం మీద రాసి పంపు. ఫోన్లో చెప్పకు.

ఇట్లు,
మీ తాతయ్య

తాజాకలం: ఆ రూపాయిని చింతపండుతో గానీ పీతాంబరితో గానీ తోమొద్దు. తోమితే పైపొర పోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ నమ్మరు. వచ్చే నెల అమ్మమ్మ అక్కడికొస్తోంది. ఆవిడ కంట పడకుండా దాచు.