మూలన పడ్డ రోకలి, తగ్గని నడుము

మళ్ళీ మొదలైంది. నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా రెండు పక్షాలు కొట్టుకుంటున్నాయి. అన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు తింటే షుగరు దారికొస్తుందని ఒక పక్షం. ఏం తిన్నా పర్లేదు, పొద్దున్నే గంట నడిస్తే చాలని ఇంకో పక్షం. ఈ రెండింటి మధ్య ఒకామె ఒక ప్రశ్న పెట్టింది: "మా ఆయనా నేనూ ఒకటే తింటున్నాం, ఒకటే దూరం నడుస్తున్నాం. మూడు నెలల్లో ఆయన ప్యాంటు వదులైంది. నా జాకెట్టు బిగుతు బిగుతుగానే ఉంది. ఎందుకు?" ఆమెకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం "మధ్యలో చిరుతిళ్ళు తింటున్నారేమో మేడమ్" అనే. పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఈ గొడవకు నేపథ్యం రాయమంటే అందరూ సాగర్ కుడి కాలువ దర్శి, అద్దంకి వైపు వచ్చిన దగ్గర మొదలుపెడతారు. తర్వాత 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం. పొదిలి, కనిగిరి మెట్టల్లో సజ్జలు, వరిగలు పోయి మూడు పూటలా తెల్లన్నం ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే, ఇక్కడ మళ్ళీ చెప్పను. నాకు కనిపించే మలుపు కాలువ దగ్గరా రేషన్ షాపు దగ్గరా లేదు. బియ్యం మిల్లు దగ్గర ఉంది.

మా అవ్వది కోవూరు దగ్గర పల్లె. ఆమె చెప్పిన లెక్క ప్రకారం, మిల్లు రాకముందు ఇంటికి కావాల్సిన బియ్యం ఇంట్లోనే దంచాలి. తెల్లవారకముందే లేచి, రోటి మీద గింజలు చిందకుండా కుందెన పెట్టి, వడ్లు పోసి, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు ఎత్తాలి. ఒకరిది దిగేటప్పటికి ఇంకొకరిది పైన ఉండాలి, లయ తప్పితే వేళ్ళు నలుగుతాయి. ఆ తర్వాత చేటలో చెరగడం, నూకలు వేరు చేయడం, తవుడు గేదెకు పోయడం. ఎంత దంచినా తవుడు పొర పూర్తిగా పోదు, గింజ లేత గోధుమరంగులోనే ఉంటుంది. అది అయ్యాక తిరగలి, సాయంత్రం రుబ్బురోలు. భుజం, వీపు, నడుము, తొడలు, అన్నిటికీ పనే.

ఆ ఊరికి హల్లర్ మిల్లు వచ్చింది. వడ్ల బస్తా బండెక్కి వెళ్ళి, గంటలో మల్లెపూవులాంటి బియ్యమై తిరిగొచ్చేది. ఒక్క బెల్టు తిరగడంతో రెండు పనులు జరిగాయి. కంచంలోంచి తవుడు పోయింది, ఒంట్లోంచి కండ పని పోయింది. ఎవరి ఒంట్లోంచి? దంచిన ఆడవాళ్ళ ఒంట్లోంచి. మగవాళ్ళకు నాగలి, కావడి, సైకిలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాళ్ళ వంతు ట్రాక్టరు, మోపెడ్ వచ్చాక గానీ రాలేదు. అన్నం ఇద్దరికీ ఒకేసారి తెల్లబడింది, కూర్చోవడం మాత్రం ఒకేసారి మొదలు కాలేదు.

పాతకాలం బంగారమని నేను అనడం లేదు. మిల్లు వచ్చినందుకు అందరికంటే ఎక్కువ సంతోషించింది అవ్వే. ఆరోగ్యం కోసం మళ్ళీ దంచమని ఎవరన్నా చెప్పి ఉంటే ఆ రోకలితోనే ఒకటి వేసి ఉండేది.

మిల్లు బియ్యం మీద హెచ్చరిక మనకు కొత్తదేం కాదు. నెల్లూరుకు పైనున్న సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేది, బి1 విటమిను చాలక వచ్చే జబ్బు. నీలగిరుల్లోని కూనూరు పరిశోధనశాలలో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1920ల్లోనే దాని వెంట పడ్డాడు. తమిళ జిల్లాల్లో వడ్లు ఉడకబెట్టి ఆడించుకునేవాళ్ళు కాబట్టి బి1 విటమిను గింజలోకి దిగి నిలిచేది. మనవాళ్ళు తినే పచ్చి బియ్యంలో అది తవుడుతోపాటే పోయేది. 1934లో గాంధీ పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం తినమని ప్రచారం చేసింది. 1958లో కేంద్రం మిల్లులకు లైసెన్సు పెడుతూ చట్టం చేసింది, దంపుడు పని బతకాలన్న ఉద్దేశమూ అందులో ఉంది. 1997లో దాన్ని ఎత్తేశారు. బెరిబెరి వేరు, షుగరు వేరు. అయినా ఇన్నేళ్ళ చర్చలో గింజలోంచి ఏం పోయిందన్నదే అందరూ అడిగారు. దంచే చేతుల్లోంచి ఏం పోయిందని అడగడం ఎవరికీ తోచినట్టు లేదు.

ఇప్పుడు ఆ జాకెట్టు ప్రశ్నకు వద్దాం. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే గ్లూకోజులో పెద్ద వాటాను పీల్చుకునేది కండరాలే. కదిలే కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండా కూడా గ్లూకోజును లాక్కుంటుంది. సగటున ఆడవాళ్ళకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. నెలసరి ఆగేదాకా ఆ కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల్లో ఉంటుంది, అంత హాని చేయదు, అంత తొందరగా కరగదు కూడా. నెలసరి ఆగాక అది పొట్టకు చేరుతుంది. మగవాళ్ళకు మొదటినుంచీ పొట్టలోనే చేరుతుంది, ప్రమాదకరమైనదే గానీ తిండి తగ్గించి నడిస్తే ముందు కరిగేదీ అదే. ఆయన ప్యాంటు వదులైన కథ ఇదే.

2018లో వెలువడిన ప్రివ్యూ అనే అంతర్జాతీయ అధ్యయనంలో షుగరు అంచున ఉన్న రెండు వేలమందికి పైగా మగవాళ్ళకు, ఆడవాళ్ళకు ఎనిమిది వారాలు ఒకే రకం తక్కువ కేలరీల తిండి పెట్టారు. మగవాళ్ళు ఎక్కువ బరువు తగ్గారు. ఆడవాళ్ళకు తుంటి కొలతతోపాటు మంచి కొలెస్ట్రాలు, కండ కూడా మగవాళ్ళకంటే ఎక్కువ తగ్గాయి. ఇన్సులిన్ పనితీరు మాత్రం ఇద్దరికీ ఇంచుమించు సమానంగానే బాగుపడింది. అంటే టేపు చెప్పనిది రక్తపరీక్ష చెప్పవచ్చు. దీన్నిబట్టి చూస్తే, ఉత్త కడుపు మాడ్చుకోవడం ఆడవాళ్ళకు రెండిందాలా నష్టం. అసలే తక్కువున్న కండ ఇంకా తరుగుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామంతోపాటు రెండు రోజులు కండకు బరువు పని పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన గ్రూపుల్లో 150 నిమిషాలు తిరుగుతున్నాయి, ఆ రెండు రోజులు ఎక్కడో జారిపోయాయి.

చెన్నైలో షుగరు వైద్యుడు డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరీక్ష మనకు ఇంకా దగ్గరిది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళకు మూడేళ్ళలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, అదీ చెప్పుకోదగ్గ బరువు తగ్గకుండానే. అయితే అందులో ఉన్న 531 మందిలో మగవాళ్ళు 421, ఆడవాళ్ళు 110. సలహా ఎవరి ఒంటి కొలతలతో కుట్టారో తెలుస్తూనే ఉంది.

కొర్రల పక్షానికి ఒక్క మాట. దేశమంతటా షుగరు లెక్కలు తీసే ఐసీఎంఆర్ ఇండియాబ్ బృందం 2025లో ఇచ్చిన ఫలితం ప్రకారం మనవాళ్ళ శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. మొత్తం పిండి పదార్థం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టుకుంటే ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కొంత తీసేసి ఆ చోట పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు పెడితే తగ్గే సూచన కనిపించింది. చేపల పులుసులో ముక్కలు మగవాళ్ళకు వేసి, మిగిలిన పులుసుతో రెండో వాయి అన్నం తినే ఇల్లాలి కంచం చూస్తే ఈ ఫలితం అర్థం కావడానికి పరిశోధన పత్రం చదవక్కర్లేదు.

నడక పక్షం విషయానికొస్తే, 2022 లెక్కల్లో దేశంలో చాలినంత కదలిక లేని మగవాళ్ళు 42 శాతం, ఆడవాళ్ళు 57 శాతం. మైదానానికి వెళ్ళే వేళా క్యారేజీ కట్టే వేళా ఒకటే కావడం ఇందులో చిన్న విషయం కాదు. "మేం రోజంతా పని చేస్తూనే ఉంటాం కదా" అని ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు అంటారు. నిజమే. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చేతులు ఆకు వేరు చేస్తూనే ఉంటాయి, కాళ్ళు మడిచినవి మడిచినట్టే ఉంటాయి. అలసట ఉంటుంది, తొడ కండరానికి పని ఉండదు.

ప్రశ్న వేసినామె నిన్న ఇంకో మెసేజ్ పెట్టింది. రాత్రి అన్నం తినగానే పావుగంట మిద్దె మీద నడుస్తోందట. వారానికి రెండు రోజులు ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్లు ఎత్తి దించుతోందట. ఆ పావుగంటా గిన్నెలు ఆయన తోముతున్నాడట. దానికి ఇప్పటిదాకా వచ్చిన లైకులన్నీ ఆడవాళ్ళవే.