ఎనిమిది ఓములని రాసి ఉంటే ఎనిమిదేనా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఏ లోపాన్నీ దాచవని పేరున్న స్పీకర్లు కొన్నాను. ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచే నా యాంప్లిఫయర్‌కు కలిపితే మృదంగం ఎడమవైపు దెబ్బ గుమ్మని సాగుతోంది, గాత్రంలో నిండుదనం పోయింది. వంద గంటలు మోగిస్తే సర్దుకుంటుందట, నిజమేనా?"

గంటలతో పని లేదు. వాట్లతోనూ లేదు, 50 వాట్లను 100 చేసినా అన్ని స్వరాల మోతా ఒకేలా 3 డెసిబెల్స్ పెరుగుతుందంతే, వాటి మధ్య తేడా మారదు. అసలు సంగతి నీళ్లలో ఉంది.

విజయవాడలో ఏ అపార్ట్‌మెంటులోనైనా చూడండి. పైన ట్యాంకు, కిందికి సన్నని గొట్టం, చివర కుళాయి. కొద్దిగా తిప్పితే నీరు జోరుగా చిమ్ముతుంది. పూర్తిగా తిప్పితే ఒత్తిడి గొట్టంలోనే ఖర్చయిపోతుంది. ట్యాంకు ఎత్తు వోల్టేజి, గొట్టం ఇరుకుదనం యాంప్లిఫయర్ అంతర్నిరోధం (కరెంటుకు లోపలి అడ్డు), కుళాయి స్పీకరు. ఈ అడ్డును కొలిచేది ఓముల్లో: ఓములు పెరిగితే కుళాయి మూసినట్టు, తగ్గితే తెరిచినట్టు. ఈ కుళాయి ఒకచోట నిలవదు, స్వరాన్ని బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వెనక 8 ఓములని రాసి ఉన్న స్పీకరే మంద్రంలో, తన సహజ కంపనం దగ్గర 32 ఓములకు ఎక్కవచ్చు. గాత్రం నిండుగా పలికేచోట 4కు దిగవచ్చు.

వాల్వు యాంప్లిఫయర్ అంతర్నిరోధం 2 ఓములనుకుందాం. 32 ఓముల దగ్గర స్పీకరుకు 94 శాతం వోల్టేజి అందుతుంది, 4 ఓముల దగ్గర 67 శాతమే. తేడా 3 డెసిబెల్స్. గాత్రం పలచబడి మృదంగం ఉబ్బింది అందుకే. 0.1 ఓము ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో ఆ తేడా 0.2 డెసిబెల్ కూడా ఉండదు. అది ప్రకాశం బ్యారేజీ లాంటిది: బందరు కాలువ తూములు ఎత్తినంతమాత్రాన ఎగువ మట్టం పడిపోదు.

ఇది ఇంటర్మీడియట్‌లో చెప్పే బ్యాటరీ అంతర్నిరోధమే. మన రెండు ఊళ్లలో ఏటా వేలమంది పిల్లలు ఆ సూత్రాన్ని మార్కుల కోసం వల్లిస్తారు. ఒక్క స్పీకరు తెచ్చి తరగతిలో చూపిస్తే జన్మలో మరిచిపోరు. నాకు ఇది నిజంగా బాధ.

ఇంకొకటి ఉంది. దెబ్బ ఆగినా స్పీకరు పొర ఊగుతూనే ఉంటుంది. అయస్కాంతంలో కదిలే తీగచుట్ట అప్పుడు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుకు సులువైన దారి దొరికితే అదే బ్రేకు. యాంప్లిఫయర్ నుంచి విడదీసిన పెద్ద స్పీకరు పొరను వేలితో మెల్లగా తట్టండి. తరువాత దాని రెండు కొనలనూ తీగతో కలిపి మళ్లీ తట్టండి. మోత టక్కున తెగుతుంది! అయితే తీగచుట్టకే సుమారు 6 ఓములుంటాయి. దానికి యాంప్లిఫయర్ 2 ఓములు తోడైతే బ్రేకు నాలుగోవంతు తగ్గుతుంది. 0.1 ఓమును 0.01 చేసినందువల్ల చెవికి ఒరిగేదేమీ లేదు. స్పీకరుకు వెళ్లే తీగకు ఖరీదు కాదు, మందం ముఖ్యం.

మీ వాల్వు యాంప్లిఫయర్ వెనక 4 ఓములని రాసిన తీగ బిగింపు ఉంటే స్పీకర్లను దానికి మార్చండి. అంతర్నిరోధం దాదాపు సగమవుతుంది, శక్తి కొంత తగ్గుతుంది. అదే కచేరీ మళ్లీ పెట్టి, మృదంగం ఎలా ఆగుతోందో నాకు రాయండి.